బంతులేరే బండి

జూలైలో బెండిగోలో ఐదున్నరకే చీకటి.
చలి చెవుల్ని నములుతుంటే
ఇనుప వల బిగించిన బండెక్కి
గోల్ఫ్ రేంజి మైదానంలోకి దిగుతాను.
ముందు తిరిగే పళ్లచక్రాలు
బురదలోంచి బంతుల్ని ఏరతాయి,
వాన వెలిసిన మర్నాడు పుట్టగొడుగుల్ని ఏరినట్టు.

అటు రేకుల షెడ్డు కింద
పదహారు గళ్లు, పదహారుమంది.
పగటి పని ఒంటిమీంచి ఇంకా దిగనివాళ్లు.
వాళ్ల ముఖాలకంటే నాకు
వాళ్ల తప్పులే బాగా తెలుసు.
ఎవరి బంతి ఎక్కడ పడుంటుందో
కళ్లు మూసుకుని ఏరగలను.

మూడో గడిలో ప్లంబరు ట్రెవాస్కిస్.
ఎంత తిన్నగా కొట్టినా బంతి
సగం దూరం పోయి కుడికి తిరుగుతుంది,
అప్పులవాణ్ణి చూసి సందులోకి తప్పుకున్నట్టు.
పందొమ్మిదేళ్లుగా అదే సందు.
వారానికో వైద్యం తెచ్చుకుంటాడు:
బొటనవేలు ఇటు, మోకాలు అటు,
గడ్డం పైకి, ఊపిరి కిందికి.
కిందటి వారం ఎడమ బూటులో నాణెం పెట్టుకుని
కుంటుతూ ఇంటికెళ్లాడు.
వంపు మాత్రం కుంటలేదు.

ఏడో గడిలో నోరీన్ పాస్కో.
చంకలో తువ్వాలు ఇరికించుకుని కొడుతుంది.
అది జారితే దెబ్బ తప్పట.
మంచి దెబ్బతోనే ఇంటికి వెళ్లాలని ఆమె నియమం.
అందుకే ఒక బకెట్ అనుకున్నది మూడవుతుంది,
బల్లమీద ఫ్లాస్కులో టీ చల్లారిపోతుంది.

తొమ్మిదో గడాయన అసలు బంతే పెట్టడు.
ఉత్త గాల్లో ఊపుతాడు, బకెట్ డబ్బులు ఆదా అంటాడు.
గాలితో ఆయన ఆట చూసి తీరాలి!
ఎప్పుడైనా బంతి పెడితే
భుజాలు చెవుల దాకా లేస్తాయి.

చివరి గడిలో లాసేవా,
కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి ముందు ఒక గంట.
ఫోన్‌ని బకెట్‌కి ఆనించి
ఒక దెబ్బ కొడతాడు, నాలుగుసార్లు చూసుకుంటాడు,
తన భుజాన్ని తానే గుర్తుపట్టనట్టు.

ఆటంతా చివరి మూడడుగుల్లోనే ఉందని
అందరూ ఒప్పుకుంటారు.
ఆ మూడడుగులు సాధన చెయ్యడానికి
షెడ్డు పక్కనే పచ్చిక ఉంది, తొమ్మిది గుంటలతో, ఉచితం.
అక్కడ మాగ్‌పై పిట్టలు తిరుగుతుంటాయి.

సరే, నా బండి వంద మీటర్ల గుర్తు దాటగానే
షెడ్డులో గొణుగుళ్లు ఆగిపోతాయి.
బొటనవేళ్లు, మోకాళ్లు, తువ్వాళ్లు,
ఎవరికీ ఏదీ గుర్తుండదు.
ఠంగ్.
ఏడాదంతా ఆ పెద్ద జెండాని తాకలేని చేతులు
కదిలే బండి తలుపు మీద
బొట్టు పెట్టినట్టు కొడతాయి.
ఠంగ్. అది నోరీన్, తువ్వాలు నేలమీద.
ఠంగ్. అది ట్రెవాస్కిస్, గీత గీసినట్టు తిన్నగా.
లాసేవా ఫోన్ ఒరిగిపోయి
రేకుల కప్పుని తీస్తుంటుంది.
నేను గంట లోపలి నాలుకలా మధ్యలో.

ఎవరికీ చెప్పని మాటొకటి.
అందరూ వెళ్లాక, ఒక్క దీపం ఉంచి
నేనూ కొడతాను.
నావన్నీ ఎడమకి.
ఒకసారి బండిని ఖాళీగా నిలబెట్టి
దాన్నే గురి చూశాను, నలభై బంతులు.
ఒక్కటీ తగల్లేదు.
లోపల మనిషి ఉండాలేమో.

మొన్న బకెట్ తిరిగిచ్చేటప్పుడు ట్రెవాస్కిస్
వల కన్నంలోంచి రహస్యంగా అడిగాడు:
"ఇందాక నీ తలుపుకి తగిలింది చూడు,
అప్పుడు నేనేం చేశాను?"
నిజమే చెప్పాను:
"ఏం చెయ్యలేదు. నవ్వుతున్నావు."

మర్నాడు మూడో గడిలో
గడ్డం పైకి, ఊపిరి కిందికి,
బూటులో నాణెం,
పళ్లన్నీ బయటపెట్టి
బిగుసుకుని నిలబడ్డాడు.
బంతి సగం దూరం తిన్నగా పోయింది.
నేను బండి ఆపి చూశాను.
సందు రాగానే తిరిగింది.